రాత్రి చేపలను చూడ్డానికి ఎంత వెలుతురు పెట్టాలి?

బరంపురం, రాయగడ, పర్లాకిమిడి లాంటి ఊళ్లలో ఆక్వేరియం సామాను అమ్మే దుకాణానికి వెళ్తే, క్లిప్ లైటు చేతిలో పెట్టి ముందుగా చూపించేది దాని టచ్ స్విచ్చే. ఒకసారి తాకితే తెలుపు, ఇంకోసారి తాకితే నీలం, మూడోసారి రెండూ. నీలానికి ‘మూన్‌లైట్’ అని పేరు. రాత్రి తిరిగే చేపలు దాని కింద బయటికొస్తాయని చెప్తారు. ఇంటికి తెచ్చి వేశాక కొందరి ట్యాంకులో బొమ్మిడాయి ఇసుకలోంచి తల బయటపెడుతుంది. కొందరి ట్యాంకులో ప్లెకో (అద్దానికి అంటుకుని తిరిగే చేప) దుంగ వెనకనుంచి అంగుళం కదలదు. అప్పుడు సలహాలు మొదలవుతాయి. ఎరుపు చేపకు కనపడదు, ఎర్ర లైటు పెట్టమని ఒకరు. నీలమే వెన్నెలకు దగ్గర అని ఇంకొకరు. రాత్రిపూట లైటు పెట్టడమే తప్పని మరొకరు. ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది. కానీ నీటిమీద పడే వెలుతురు ఎంత అన్నది ముగ్గురిలో ఎవరూ అడగరు. చిక్కంతా అక్కడే.

ఏ చేపలు, చీకట్లోనే ఎందుకు

మన వాగుల్లో, వరిమళ్లలో దొరికే జెల్లలు, మార్పులు, ఇంగిలాయిలు, బొమ్మిడాయిలు రాత్రి మేతకు తిరిగేవే. నాగావళిలో, వంశధారలో వానాకాలం ఎర్రనీళ్లు పారుతున్నప్పుడు పట్టపగలైనా కళ్లతో పెద్దగా పని జరగదు. జెల్ల మీసాల మీద రుచి తెలిసే మొగ్గలుంటాయి కాబట్టి అది అడుగును మీసాలతో తడుముకుంటూ పోతుంది. కొనుక్కునే చేపల్లో కూలీ లోచ్, సైనోడాంటిస్, బ్రిసిల్‌నోస్ ప్లెకో, బ్లాక్ గోస్ట్ నైఫ్ ఫిష్ ఈ కోవకు చెందినవి. బ్లాక్ గోస్ట్ సంగతి మరీ వింత. సెకనుకు వెయ్యిసార్ల దరిదాపుల్లో చిన్నపాటి విద్యుత్ తరంగాలు వదులుతూ, అవి ఎక్కడ చెదిరాయో ఒంటిమీది గ్రాహకాలతో పసిగట్టి దారి చూసుకుంటుంది.

అంటే వీటికి మేత వెతుక్కోడానికి లైటు అక్కర్లేదు. వెలుతురు పడిందంటే వాటి లెక్కలో అర్థం వేరు: కొంగకు, తనకంటే పెద్ద చేపకు తాను కనిపించే వేళయింది, దాక్కోవాలి. ఆ భయం పుట్టే హద్దుకు కింద, మన కంటికి ఆనే హద్దుకు పైన ఒక సన్నటి సందు ఉంటుంది. మసక లైటుతో మనం చేసేదల్లా ఆ సందును పట్టుకోవడమే.

వెన్నెల కొలత

చదరపు మీటరు మీద ఎంత వెలుతురు పడుతోందో చెప్పే కొలత లక్స్. మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. ట్యూబులైటు వేసిన గది 100, 200 మధ్య. పున్నమి చంద్రుడు నడినెత్తిన ఉన్నప్పుడు కూడా 0.3 లక్స్ దాటడం అరుదు, మామూలుగా 0.1 నుంచి 0.3. అష్టమినాడు చంద్రబింబం సగం కనిపిస్తుంది కానీ వెలుతురు సగం ఉండదు, పున్నమిలో పదోవంతుకు పడిపోతుంది. చంద్రుడు లేని రాత్రి చుక్కల వెలుతురు 0.001 లక్స్ ప్రాంతంలో ఉంటుంది. చెట్ల నీడన పారే వాగులో ఇవన్నీ ఇంకా తగ్గుతాయి.

ఇక దుకాణం మూన్‌లైట్ సంగతి. 12 వోల్టుల ఎల్ఈడీ స్ట్రిప్‌నే తీసుకుందాం. మీటరుకు 60 చిన్న ఎల్ఈడీలు, 4.8 వాట్లు ఉండే రకం. దాన్ని 3 ఎల్ఈడీల చొప్పున 5 సెంటీమీటర్ల ముక్కలుగా కత్తిరించుకోవచ్చు. అలాంటి ఒక్క తెల్ల ముక్క 0.24 వాట్లు, 20 మిల్లీయాంపియర్లు తీసుకుని సుమారు 20 ల్యూమెన్లు (లైటు మొత్తంగా ఇచ్చే వెలుతురు కొలత) ఇస్తుంది. అర మీటరు కింద, సరిగ్గా దాని దిగువన పడేది దాదాపు 25 లక్స్. చిటికెనవేలంత ముక్క పున్నమికి వంద రెట్లు! అలాంటి ముక్కలు పది, పన్నెండు ఉండే లైటుకు వెన్నెల అని పేరు పెడితే ప్లెకో నమ్మకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఆ ముక్కనే నిజమైన వెన్నెలగా మార్చడం కష్టం కాదు. దానికి వరసలో 4.7 కిలోఓమ్ రెసిస్టర్ (కరెంటును అడ్డుకుని తగ్గించేది), దాని తర్వాత 50 కిలోఓమ్ పొటెన్షియోమీటర్ (నాబ్ తిప్పి ఆ అడ్డును మార్చుకునే రెసిస్టర్) కలిపితే చాలు. కరెంటు తక్కువైనప్పుడు మూడు తెల్ల ఎల్ఈడీలు కలిసి 8 వోల్టుల వరకు తినేస్తాయి, మిగిలేది 4 వోల్టులు. నాబ్ ఒక చివర ఉంటే దాదాపు 0.8 మిల్లీయాంపియర్లు పారి అర మీటరు కింద 1 లక్స్ వస్తుంది. మరో చివరకు తిప్పితే 0.08 మిల్లీయాంపియర్లు, 0.1 లక్స్. పావు వాటు రెసిస్టర్ ధారాళంగా సరిపోతుంది, అసలు వేడే ఎక్కదు. మొదటి 4.7 కిలోఓమ్ మానేసి పొటెన్షియోమీటర్ ఒక్కటే పెడితే, నాబ్ చివరికి తిరిగినప్పుడు మొత్తం కరెంటు ఒక్కసారిగా పారి 25 లక్స్ గుప్పుమంటుంది. చేపలు అద్దానికి కొట్టుకునేది ఇలాంటప్పుడే.

గోపాల్‌పూర్ వైపు, బరంపురంలో సముద్రపు గాలి తగిలే ఇళ్లలో స్ట్రిప్ మీది రాగి చుక్కలు నెలల్లోనే పచ్చబడిపోతాయి. సిలికాన్ పూత ఉన్న రకం ఎక్కువ కాలం నిలబడుతుంది. కత్తిరించిన చివర మీద కూడా సిలికాన్ పూయకపోతే ఆ పూత ఉండీ లేనట్టే.

టంకం వేయకుండా అదే ఫలితం

చేతిలో టంకం గన్ లేనివారికి దూరమే రెసిస్టర్. అర వాటు ఎల్ఈడీ జీరో బల్బు అన్ని దిక్కులకూ కలిపి 30 నుంచి 40 ల్యూమెన్లు ఇస్తుంది. మీటరు దూరంలో అది 3 లక్స్. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగోవంతు అవుతుంది కాబట్టి 2 మీటర్ల దగ్గర 0.75, 3 మీటర్ల దగ్గర 0.33. గదికి ఆ చివర గోడమీద ఉన్న జీరో బల్బు ఈ చివరి ట్యాంకుకు దాదాపు పున్నమి. (పాత రకం జీరో బల్బు పేరుకే సున్నా, 15 వాట్ల దాకా తాగేది. ఈ లెక్క దానికి వర్తించదు.)

కొలవడం దగ్గర ఒక ఇబ్బంది ఉంది. ఫోన్‌లోని లక్స్ యాప్‌లు, చవక లక్స్ మీటర్లు 1 లక్స్‌కు దిగువన చూపించే అంకెలను నమ్మలేం. అందుకని దగ్గర కొలిచి దూరానికి లెక్కకట్టడం మేలు. చిన్న ముక్క నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో మీటరు 25 చూపిస్తే, 50 సెంటీమీటర్ల దగ్గర అది 25లో 25వ వంతు, అంటే 1 లక్స్. అరడుగు కంటే పొడుగున్న స్ట్రిప్‌కు మాత్రం ఈ లెక్క అంత దగ్గర్నుంచి కుదరదు.

ఎరుపు చేపకు కనపడదా?

అందరూ చెప్పే మాటే. దానికి ఇచ్చే కారణాలు రెండు. మొదటిది: ఎరుపును నీరు పీల్చేస్తుంది, కాబట్టి నీళ్లలో ఉండే ప్రాణికి ఎరుపుతో పరిచయం ఉండదు. సముద్రంలో పదుల మీటర్ల లోతున ఇది నిజమే. ట్యాంకులో మాత్రం 650 నానోమీటర్ల (రంగును బట్టి మారే కాంతి తరంగం పొడవు) ఎరుపు అరమీటరు లోపు నీటిలో పోగొట్టుకునేది ఏడోవంతు మాత్రమే. మీ ట్యాంకు అడుగున ఉన్న చేప మీద ఎరుపు నిక్షేపంగా పడుతుంది. పైగా బాదం ఆకులు వేసిన టీ రంగు నీళ్లలో ముందు చచ్చేది నీలం. నీటి రంగు ముదిరే కొద్దీ నీలి లైటు అడుగుకు చేరక అక్కడ మసిబారినట్టు ఉంటుంది, ఎరుపు దూసుకెళ్తుంది. చెరువు, వాగు చేపల కళ్లు ఇలాంటి నీళ్లకే అలవాటు పడ్డాయి.

రెండో కారణం కన్ను గురించి: ఎరుపును పట్టే కణాలు చేప కంట్లో లేవంటారు. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్లాలి. మనలాగే చేప కంటి తెరలో రెండు రకాల కణాలుంటాయి: పట్టపగటి చూపుకు, రంగులకు కోన్లు, చీకటి చూపుకు రాడ్లు. గోల్డ్‌ఫిష్ ఎరుపు కోన్ అత్యధికంగా స్పందించేది 620 నానోమీటర్ల ప్రాంతంలో. మామూలు ఎర్ర ఎల్ఈడీ ఇచ్చేది 620 నుంచి 630. గురిచూసి కొట్టినట్టు! రాత్రి చేప అయిన చానెల్ క్యాట్‌ఫిష్ కంట్లో కూడా 600 దాటి స్పందించే కోన్లున్నాయి. కాబట్టి ‘కనపడదు’ అన్నది మంచినీటి చేపల విషయంలో తప్పు.

అయినా ఎర్ర లైటు కింద చేపలు బయటికొస్తున్నాయని చెప్పేవాళ్లు అబద్ధమాడడం లేదు. చీకటి ముదిరాక పనిచేసేది రాడ్లు. మంచినీటి చేపల్లో అవి ఎక్కువగా 500 నుంచి 540 మధ్య, అంటే ఆకుపచ్చకు స్పందిస్తాయి. 630 దగ్గర వాటి స్పందన చాలా తక్కువ. కోన్లు మేలుకోవాలంటే అంతకంటే బాగా ఎక్కువ వెలుతురు కావాలి. కాబట్టి ఎరుపు బాగా మసకగా ఉన్నంతసేపు అది చేప కంటికి దాదాపు లేనట్టే, కాస్త పెంచితే కోన్లకు సూటిగా కనపడుతుంది. ఎర్ర బల్బు పెట్టి లాభం లేదన్నవాళ్ల ట్యాంకుల్లో చాలావరకు జరిగింది ఇదే: రంగు సరిగ్గా ఎంచుకున్నారు, మోతాదు తగ్గించలేదు.

నీలం వెన్నెలకు దగ్గరా?

చంద్రుడి నుంచి వచ్చేది తిరిగొచ్చిన ఎండే. అదీ సూర్యకాంతి కంటే పిసరంత ఎరుపు వైపు జరిగి ఉంటుంది. వెన్నెల నీలంగా తోచడం మన కంటి మాయ. మసకలో మన చూపు రాడ్ల మీదికి మారి, నీలం, ఆకుపచ్చ వస్తువులు ఎరుపు కంటే మెరుగ్గా కనిపించడాన్ని 19వ శతాబ్దంలో చెక్ శాస్త్రవేత్త యాన్ పుర్కిన్యే వివరించాడు. ఆ లెక్కన వెన్నెలకు దగ్గరగా వచ్చేది బాగా మసకైన తెలుపు, నీలం కాదు.

నీలానికి ఇంకో చిక్కుంది, అది లక్స్ మీటరుది. లక్స్ మన పగటి చూపు ప్రకారం లెక్కకట్టే కొలత. 460 నానోమీటర్ల నీలాన్ని ఆ చూపు ఆకుపచ్చలో 16వ వంతుగా మాత్రమే లెక్కిస్తుంది. కాబట్టి మీటరు మీద 1 లక్స్ చూపించే నీలి లైటులో, 1 లక్స్ ఆకుపచ్చ కంటే 16 రెట్లు శక్తి ఉంటుంది. చేప రాడ్లకు నీలం బాగానే తెలుస్తుంది. మనకు మసకగా అనిపించే నీలం దానికి అంత మసక కాకపోవచ్చు. నీలి లైటును మరీ ముదురు మసకలో పెట్టాలనడానికి అసలు కారణం ఇదే. దాని పక్షాన చెప్పాల్సింది కూడా ఉంది: చూడ్డానికి బాగుంటుంది, బ్లాక్ గోస్ట్ తోక మీది తెల్ల పట్టీలు అందులో తెగ మెరుస్తాయి.

పసుపు కలిసిన నారింజ రంగును ఎవరూ పట్టించుకోరు కానీ మన ప్రాంతంలో దానికో లాభం ఉంది. తొలకరి వానలు పడ్డ రాత్రుల్లో ఉసిళ్లు నీలం, తెలుపు లైట్ల మీదికి ఎగబడినంతగా నారింజ, ఎరుపుల మీదికి రావు. మూత లేని ట్యాంకు నీళ్లమీద తెల్లారేసరికి రెక్కలు తేలుతుంటే లైటు రంగు మార్చి చూడొచ్చు. ఉసిళ్లను జెల్లలు ఆనందంగా తింటాయి, మిగిలినవి కుళ్లడం మాత్రం నీటికి మంచిది కాదు.

ఒక్కసారిగా లైటు వేస్తే ఏమవుతుంది

మన కంటిపాప వెలుతురు పడగానే ముడుచుకుంటుంది, పైన రెప్పలు ఉన్నాయి. చేపల్లో చాలావాటికి పాప కదలదు, రెప్పలు లేవు. (ప్లెకో మినహాయింపు: దాని కంటిపాపలోకి పైనుంచి దిగే చిన్న పొర వెలుతురులో పాపను కొడవలిలా మిగిల్చి మూసేస్తుంది. అద్దానికి అంటుకుని ఉన్నప్పుడు దగ్గరగా చూస్తే తెలుస్తుంది.) దానికి బదులు చేప కంటి తెరలో కణాలే చోటు మారతాయి. చీకట్లో రాడ్లు ముందుకొస్తాయి, వెలుతురులో వెనక్కి తగ్గి నల్లని రంగుకణాల చాటుకు చేరతాయి. ఇది స్విచ్ వేసినట్టు జరగదు, అరగంట, గంట పడుతుంది. అర్ధరాత్రి ట్యూబులైటు వేస్తే ఆ మధ్యకాలంలో చేప కన్ను పూర్తిగా తెరిచి ఉన్నట్టే. కూలీ లోచ్‌లు పైకి దూకడం, బొమ్మిడాయి మూత సందులోంచి బయటపడి నేలమీద ఎండిపోవడం వెనక తరచుగా ఉండేది ఇదే.

సాయంత్రం క్రమం కూడా ఇందుకే ముఖ్యం. ట్యాంకు లైటు ఆరిన తర్వాత గది లైటు అరగంట వెలగడం, అది ఆరాక మసక లైటు మిగలడం, చేప కంటికి ఓ చిన్న మునిమాపు లాంటిది. మునిగే గుళికల మేత వేయడానికి అనువైన వేళ గది లైటు ఆరిన పావుగంట తర్వాత. అప్పటికి పగటి చేపలు మందగిస్తాయి, బార్బ్‌లు అడుగుదాకా వచ్చి ఎత్తుకుపోవు. మేత గుళిక అడుగున పడ్డాక జెల్ల దానిమీదుగా ఒకసారి దాటిపోయి, మీసం తగిలిన చోట ఆగి, వెనక్కి తిరిగొచ్చి అందుకోవడం కనిపిస్తుంది. 

మసకలో ట్యాంకులో చెయ్యి పెట్టడం మాత్రం వద్దు, ఇంగిలాయి ఉంటే మరీను. దాని పక్క రెక్క ముల్లుకు విషం ఉంటుంది, గుచ్చుకుంటే గంటల తరబడి సలపరిస్తుంది.

రాత్రంతా వెలిగితే ఎవరికి నష్టం

ఇది ‘లైటే వద్దు’ అనేవాళ్ల వాదన. ఇందులో బలం ఉంది. చేపల మెదడు పైభాగంలోని పీనియల్ గ్రంథి కళ్లతో సంబంధం లేకుండా సొంతంగా వెలుతురును గ్రహించి, చీకట్లో మెలటోనిన్ అనే, ఒంటికి రాత్రయిందని తెలిపే హార్మోన్ విడుదల చేస్తుంది. యూరప్‌లోని పెర్చ్ చేపల మీద బెర్లిన్ పరిశోధకులు చేసిన ప్రయోగాల్లో రాత్రంతా 1 లక్స్ ఉన్నా ఈ మెలటోనిన్ పడిపోయింది. రంగులు మార్చి చూసినా తగ్గుదల తప్పలేదు. 2019లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో రాత్రి 26.5 లక్స్ లైటు కింద ఉంచిన క్లౌన్‌ఫిష్ గుడ్లు ఒక్కటీ పొదగలేదు. పైన లెక్కకట్టిన ఒక్క స్ట్రిప్ ముక్క ఇచ్చే వెలుతురు ఇంచుమించు అంతే.

అవతలి వాదన కూడా వినాలి. ఈ ప్రయోగాల్లో లైటు రాత్రి పొడుగునా వెలిగింది. ఇంట్లో రెండు గంటలు మసక లైటు పెట్టి ఆర్పేయడం వేరు. ప్రకృతిలోనూ నెలలో సగం రాత్రులు ఎంతో కొంత వెన్నెల ఉంటుంది. ఇబ్బంది మొదలయ్యేది లైటు తెల్లార్లూ వెలిగినప్పుడు, అదీ ఎక్కువగా పగటి చేపలకు. మన ప్రాంతంలో పగలు ఏడాది పొడవునా 11 నుంచి 13 గంటల మధ్యే. ఉదయం 10కి ట్యాంకు లైటు వేసి సాయంత్రం 7కి ఆర్పి, 7:30 నుంచి 10 దాకా మసక లైటు పెట్టినా, గది తలుపు మూసి ఉంటే తెల్లవారే దాకా ఏడెనిమిది గంటలు పూర్తి చీకటి దక్కుతుంది. హాల్లో పన్నెండింటి దాకా టీవీ నడిచే ఇంట్లో మాత్రం ఈ లెక్క కాగితం మీదే మిగులుతుంది. నాచు గురించి భయపడేవాళ్లు కూడా ఉన్నారు కానీ 1 లక్స్‌కు నాచు పెరగదు. దానికి పగటి లైటునే అనుమానించాలి.

మన కళ్లను కూడా లెక్కలోకి తీసుకుంటే

0.3 లక్స్‌లో ఏమీ కనిపించడం లేదని లైటు పెంచేవాళ్లలో చాలామంది కళ్లు ఇంకా చీకటికి అలవాటు పడలేదు. మన రాడ్లు పూర్తిగా మేలుకోవడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోన్ చూస్తే మళ్లీ మొదటికే. చూపు నడిబొడ్డున రాడ్లు ఉండవు కాబట్టి చేపను సూటిగా కాక కాస్త పక్కకు చూస్తే బాగా కనిపిస్తుంది. ముదురు ఎరుపు మన రాడ్లను చెదరగొట్టదు, ఖగోళ పరిశీలకులు ఎర్ర టార్చీ వాడేది అందుకే. ఎరుపు వల్ల చేపకంటే చూసేవాడికే మేలు ఎక్కువని చెప్పాలి.

లైటు ఎదురుగా కాక వెనక మూల నుంచి పడితే ఇంకా తక్కువ వెలుతురుతో పని జరుగుతుంది. చేప నీడలా తెలుస్తుంది, అద్దం మీద మన మొహం ప్రతిబింబం ఉండదు. తెల్ల ఇసుక మీద మసక వెలుతురు తిరిగి పైకి కొట్టి చేప బెదురుతుంది. ముదురు ఇసుక, మీద తేలే ఆకులు ఉంటే చేప ధైర్యంగా తిరుగుతుంది.

లైటే లేకుండా: ఇన్‌ఫ్రారెడ్ కెమెరా

రాత్రి చూపు ఉన్న చిన్న వైఫై కెమెరాల్లో 850 లేదా 940 నానోమీటర్ల ఎల్ఈడీలుంటాయి. 940 మన కంటికి అసలు కనపడదని దాన్నే మేలురకం అంటారు. గోడకు తగిలించే కెమెరాకు అది సరే, నీటిలో లెక్క తిరగబడుతుంది. 30 సెంటీమీటర్ల నీరు దాటేసరికి 850 నాలుగోవంతు మిగులుతుంది, 940 నూటికి ఒక వంతు కూడా మిగలదు. లైటు కెమెరా పక్కనే ఉంటే వెళ్లే దారి, వచ్చే దారి రెండూ కలుస్తాయి కాబట్టి చేప 15 సెంటీమీటర్ల లోపల ఉన్నా లెక్క 30దే. అందుకే 940 కెమెరాలో ముందు అద్దానికి అంటుకున్న ప్లెకో తప్ప మిగతా ట్యాంకు నల్లగా ఉంటుంది.

కెమెరాను అద్దం ముందు పెట్టి దాని ఎల్ఈడీలు వెలిగిస్తే తెర మొత్తం తెల్లగా మారుతుంది, అది అద్దం నుంచి తిరిగొచ్చిన కాంతి. కెమెరా లైటును నల్ల టేపుతో మూసి, విడిగా దొరికే 850 లైటును ట్యాంకు పైన పెడితే దృశ్యం తేటపడుతుంది. రంగులు రావు, నలుపు తెలుపే.

కరెంటు పోయే ఊళ్లలో టైమరు

ఈ జిల్లాల్లో ఈదురుగాలి వానకు కరెంటు పోవడం కొత్త కాదు. చక్రం తిప్పి పిన్నులు నొక్కే చవక టైమరు కరెంటుతోనే తిరుగుతుంది, సరఫరా ఆగితే దాని గడియారమూ ఆగుతుంది. రెండు గంటలు కోత పడితే, పదింటికి ఆరాల్సిన మసక లైటు పన్నెండింటికి ఆరుతుంది. ఉదయం వెలగాల్సిన తెల్లలైటు కూడా అంతే ఆలస్యం. వరుసగా కోతలు పడితే వారం తిరిగేసరికి పగలు రాత్రి తారుమారవుతాయి, పగటి లైటు అర్ధరాత్రి వెలుగుతుంది. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరుకు ఈ తిప్పలు లేవు. టచ్ స్విచ్ లైట్లలో కొన్ని కరెంటు తిరిగి రాగానే పాత స్థితి మరిచిపోయి తెలుపులో మొదలవుతాయి. కొనేముందు దుకాణంలోనే ప్లగ్ ఒకసారి పీకి పెట్టి చూస్తే ఆ సంగతి తేలిపోతుంది.